గేజి ఒక మాట, మోడల్ ఒక మాట చెబితే: గోదావరి వరద లెక్కల మీద ఒక సమాధానం

నీటి వనరుల ఇంజనీరింగులో పీజీ చేస్తున్న ఒక విద్యార్థి ప్రశ్నకు ఇది సమాధానం. ప్రశ్న సారాంశం ఇది: గోదావరి ఉపనది ఒకదానికి పదేళ్ల వర్షపాతం, ప్రవాహం వివరాలు తీసుకుని, కురిసిన వర్షం నుంచి నదిలో రోజువారీ ప్రవాహాన్ని అంచనా వేసే కంప్యూటర్ మోడల్ తయారుచేశారు. మొత్తం మీద బాగానే సరిపోతోంది. నాష్-సట్‌క్లిఫ్ సూచిక (1 వస్తే మోడల్ పూర్తిగా సరిపోయినట్టు) 0.86 వచ్చింది. కానీ పెద్ద వరదలు వచ్చిన రోజుల్లో మోడల్ చూపే గరిష్ఠ ప్రవాహం నది ఒడ్డున నీటిమట్టం చూసే గేజి స్టేషన్ లెక్క కంటే 18 శాతం దాకా తక్కువగా ఉంటోంది. మోడల్‌లోని గుణకాలను ఇంకా సవరించి కొలతకు దగ్గరగా తెమ్మని గైడు అంటున్నారు. కొలతే తప్పయి ఉండవచ్చని తోటి విద్యార్థి అంటున్నారు. రెండింటిలో దేన్ని నమ్మాలి?

ముందుగా ఒక మాట సరిచేసుకుందాం. మీరు కొలత అంటున్న ఆ ప్రవాహపు అంకె కొలిచింది కాదు, లెక్కకట్టింది. గేజి స్టేషన్లో వేళ తప్పకుండా నిజంగా కొలిచేది నీటిమట్టాన్ని మాత్రమే. ఆ మట్టాన్ని క్యూసెక్కుల్లోకో, సెకనుకు ఘనపు మీటర్లలోకో మార్చేది ఒక పట్టిక. ఆ పట్టిక వెనక ఉన్నది ఒక వక్రరేఖ. ఆ వక్రరేఖ కూడా ఒక మోడలే. కాబట్టి మీ ముందున్న చిక్కు మోడల్‌ను నమ్మాలా, కొలతను నమ్మాలా అన్నది కాదు. వర్షం నుంచి కట్టిన మోడల్ ఒకటి, నీటిమట్టం నుంచి కట్టిన మోడల్ ఇంకొకటి, మామూలు రోజుల్లో కలిసి నడిచే ఈ రెండూ వరద రోజున ఎందుకు విడిపోతున్నాయన్నది అసలు ప్రశ్న. మూడు దశాబ్దాలకు పైగా గేజింగ్ పనిలోనూ వరద అంచనాల్లోనూ గడిపిన నాకు, ఈ సంగతి ఒప్పుకోకుండా మొదలుపెట్టిన చర్చ ఏదీ తెగినట్టు గుర్తులేదు.

భద్రాచలంలో ఎవరినైనా కదిపి చూడండి. గోదావరి ఎన్ని అడుగులకొచ్చిందనే అంటారు గాని ఎన్ని క్యూసెక్కులని అనరు. అక్కడ 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టు వరద 75.6 అడుగులు, 2022 జూలై వరద 71.3 అడుగులు. ఈ అంకెల మీద వాదానికి పెద్దగా తావు లేదు, ఎందుకంటే అవి గేజి పలక మీద గీత చూసి రాసినవి. ఇంట్లోకి నీళ్లు వస్తాయా రావా అన్నది తేల్చేదీ ఆ అడుగులే. కానీ మీ మోడల్‌కు అడుగులతో పనిలేదు. వర్షం ఒక ఘనపరిమాణం, దాన్ని నదిలో పారిన ఘనపరిమాణంతోనే సరిచూడాలి. అందుకని అడుగులను క్యూసెక్కులుగా మార్చక తప్పదు, ఆ మార్పుతో పాటే మన ఊహలూ లెక్కలోకి వచ్చిచేరతాయి.

ఆ మార్పు ఎలా జరుగుతుందో దగ్గరగా చూస్తే గాని దాని బలమూ బలహీనతా తెలియవు. నదికి అడ్డంగా ఒక గీత ఊహించి, దాన్ని ఇరవై పాతిక నిలువు పట్టీలుగా విడదీస్తారు. పడవ మీద గాని, తీగకు వేలాడే తొట్టె మీద గాని, వంతెన మీద నుంచి గాని ఒక్కో పట్టీ దగ్గర ఆగి లోతు చూస్తారు, నీటి తోపుకు తిరిగే చిన్న గిన్నెలున్న కరెంట్ మీటరును నీళ్లలోకి దించి వేగం చూస్తారు. లోతు తక్కువైతే పైనుంచి పదింట ఆరు వంతుల లోతులో ఒక్కసారి, ఎక్కువైతే పదింట రెండు వంతుల దగ్గర ఒకసారి, ఎనిమిది వంతుల దగ్గర ఒకసారి చూసి సగటు తీస్తారు. పట్టీ వైశాల్యాన్ని దాని వేగంతో గుణించి, అన్నింటినీ కలిపితే ఆ మట్టం దగ్గర ప్రవాహం వస్తుంది. ఇందులోనూ మోడళ్లు దాగి ఉన్నాయి. నీటి వేగం ఉపరితలం నుంచి అడుగుదాకా ఒక పద్ధతిలో తగ్గుతుందన్న ఊహ లేకపోతే ఆ ఆరు వంతుల నియమానికి అర్థం లేదు. మీటరు గిన్నెలు నిమిషానికి ఇన్ని చుట్లు తిరిగితే నీరు ఇంత వేగంగా పోతోందని చెప్పే సమీకరణం, పుణె దగ్గర ఖడక్‌వాస్లాలోని కేంద్ర జల, విద్యుత్ పరిశోధన కేంద్రం వంటి చోట, నిలిచిన నీటి తొట్టిలో మీటరును తెలిసిన వేగంతో లాగి రాబట్టినది. గిన్నె ఒకటి సొట్టపోతే ఆ సమీకరణం చెల్లదు.

ఇంత శ్రమపడి కొలిచిన ప్రవాహాలు ఏడాదికి ఎన్ని ఉన్నా, అవి ఏ మట్టాల దగ్గర ఉంటాయన్నది ముఖ్యం. ఎర్రనీరు దిగి, దుంగలూ పొదలూ కొట్టుకొస్తున్న గోదావరి మీద నడిరాత్రి పడవ వేసి నది మధ్యకు వెళ్లమని ఏ అధికారీ చెప్పలేడు, చెప్పకూడదు కూడా. కాబట్టి తక్కువ, మధ్యస్థ ప్రవాహాలకు కొలతలు గుట్టలుగా ఉంటాయి. మీకు కావలసిన శిఖరం దగ్గర మాత్రం ఒకటీ ఉండదు. ఉన్న బిందువుల గుండా గీసిన రేఖను పైకి పొడిగించి ఆ శిఖరాన్ని చదువుతారు.

ఆ పొడిగింపులో ఎంత తేడా వస్తుందో ఒక చిన్న లెక్కతో చూపిస్తాను. అంకెలు నేను కల్పించుకున్నవే, పద్ధతి మాత్రం అందరూ వాడేదే. ఒక గేజి దగ్గర 6 మీటర్ల మట్టంలో సెకనుకు 1,500 ఘనపు మీటర్లు, 10 మీటర్ల మట్టంలో 4,200 ఘనపు మీటర్లు కొలిచామనుకుందాం. 15 మీటర్లకు వరద వచ్చింది. ప్రవాహం, నీటిమట్టం నుంచి ఒక సున్నా మట్టాన్ని తీసేసిన ఎత్తుకు ఏదో ఒక ఘాతంగా పెరుగుతుందని మామూలుగా అనుకుంటాం. ఇక్కడ సున్నా మట్టమంటే నదిలో ప్రవాహం ఆగిపోయే గేజి మట్టం. అది 0 మీటర్లంటే ఘాతం 2కు దగ్గరగా వచ్చి, 15 మీటర్ల దగ్గర ప్రవాహం సుమారు 9,500 అవుతుంది. 1 మీటరంటే 9,100. 2 మీటర్లంటే ఘాతం 1.5కు దిగి, ప్రవాహం 8,640 దగ్గర ఆగుతుంది. మూడు రేఖలూ కొలిచిన రెండు బిందువుల గుండానే పోతున్నాయి, మూడింటిలో ఏదీ కొలతను కాదనడం లేదు. అయినా అటూ ఇటూ తేడా 10 శాతం, అంటే 30 వేల క్యూసెక్కుల పైచిలుకు. మీ 18 శాతంలో సగానికి పైగా ఈ ఒక్క ఊహలోనే ఇమిడిపోగలదు. ఇక నది గట్టు దాటి పొలాల మీదికి పారడం మొదలుపెడితే ఈ సమీకరణమే మారిపోతుంది, ఎందుకంటే జొన్న చేనులో, తుమ్మ చెట్ల మధ్య పారే నీరు ఇసుక మీద పారే నీటిలా పోదు. దానికి తోడు నీరు తగ్గాక కొలిచిన అడ్డుకోత, అంటే నదికి అడ్డంగా కోస్తే కనిపించే ఆకారం, వరదనాటి అడ్డుకోత కాదు. ఇసుక నదుల్లో పెద్ద వరద అడుగును తవ్వుకుంటూ పోయి, తీసేటప్పుడు మళ్లీ పూడ్చి వెళ్తుంది, జనవరిలో ఎత్తులు కొలిచే లెవెల్ పరికరం పట్టుకుని వెళ్లిన మనకు ఆ గుంత ఆనవాలు కూడా కనిపించదు.

ఒక మట్టానికి ఒకే ప్రవాహం ఉంటుందన్న ఊహ కూడా అన్ని చోట్లా నిలవదు. వరద ఎక్కేటప్పుడు అల ముందు భాగంలో నీటివాలు ఎక్కువ, కాబట్టి అదే 12 మీటర్ల మట్టం దగ్గర ఎక్కేటప్పుడు పారే నీరు, తీసేటప్పుడు పారే నీటి కంటే ఎక్కువ. ఏటవాలు ఎక్కువగా ఉన్న కొండ వాగుల్లో ఈ తేడా పట్టించుకోనక్కర్లేదు, మైదానంలో నెమ్మదిగా కదిలే నదిలో మాత్రం పట్టించుకోవాలి.

దీనికంటే పెద్ద ఉచ్చు ఎగపోటు. శబరి నది ఛత్తీస్‌గఢ్‌లోని కుంట, మన చింతూరు మీదుగా వచ్చి కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. అక్కడి నుంచి దిగువన గోదావరి పాపికొండల మధ్య ఇరుకుదారిలో దూరాలి. పైనుంచి ప్రాణహిత, ఇంద్రావతి నీళ్లు ఒక్కసారిగా దిగిన రోజుల్లో ఆ ఇరుకు దగ్గర గోదావరి లేచి నిలుస్తుంది. శబరి నీటికి పోయే దారి లేక వెనక్కి తన్నుతుంది. అప్పుడు శబరి పరివాహకంలో చినుకు పడకపోయినా చింతూరు వైపు నీటిమట్టం పెరుగుతూనే ఉంటుంది, నీరు మాత్రం దాదాపు కదలదు. ఆ రోజు గేజి చదివి, మామూలు పట్టికలో చూసి, శబరిలో ఇన్ని లక్షల క్యూసెక్కులు పారుతున్నాయని రాస్తే, ఆ అంకెకూ నదికీ సంబంధం ఉండదు. అక్కడ ఒక గేజి చాలదు. దిగువన ఇంకో గేజి పెట్టి, రెండింటి మధ్య వాలును కూడా లెక్కలోకి తీసుకోవాలి. మీరు ఉపనది పేరు చెప్పలేదు. మీ స్టేషన్ సంగమానికి దగ్గరలో ఉంటే మిగతావన్నీ వదిలి మొట్టమొదట చూడవలసింది ఇదే, ఎందుకంటే ఎగపోటు రోజుల్లో పట్టిక ఎప్పుడూ నిజమైన ప్రవాహం కంటే ఎక్కువే చూపిస్తుంది, మీ తేడా కూడా అటువైపే ఉంది. పోలవరం కట్టడం లేచిన తర్వాత ఎగువ స్టేషన్ల పాత పట్టికలను కూడా ఇలాగే కొత్త కొలతలతో సరిచూసుకుని వాడాలి. భద్రాచలం ముంపులో దాని వాటా ఎంత అన్న వాదంలోకి నేను ఇక్కడ వెళ్లను. అది మాటలతో తేలేది కాదు, వరద రోజున వరుస గేజిల మధ్య నీటివాలు కొలిస్తేనే తేలేది.

ఆనకట్టల దగ్గర లెక్క ఇంత గజిబిజిగా ఉండదని చాలామంది అనుకుంటారు, అది కొంతవరకు నిజం. కాటన్ 1847-1852 మధ్య ధవళేశ్వరంలో కట్టించిన ఆనకట్ట లాంటి కట్టడం మీదుగా దూకే నీటికి, ఎత్తు ఒకటిన్నర ఘాతంతో ప్రవాహం పెరుగుతుందన్న సూత్రం బాగా పనిచేస్తుంది; అడుగు కదిలే ఇసుక కాదు, మారని రాతి కట్టడం. కానీ ఇప్పటి బ్యారేజీ దగ్గర ప్రకటించే హెచ్చరిక మట్టాలను ఒకసారి జాగ్రత్తగా చూడండి. 11.75 అడుగులకు 10 లక్షల క్యూసెక్కులు, 13.75కి 13 లక్షలు, 17.75కి 17 లక్షలు. మొదటి రెండు అడుగుల పెరుగుదలకు 3 లక్షలు, అంటే అడుగుకు లక్షన్నర. తర్వాతి నాలుగు అడుగులకు 4 లక్షలు, అంటే అడుగుకు లక్ష. స్వేచ్ఛగా దూకే నీటికైతే పైకి పోయేకొద్దీ అడుగుకు పారే నీరు పెరగాలి, ఇక్కడ తగ్గుతోంది. ఇవి గుండ్రని అంకెలే గాని, ఆ తగ్గుదల ఏమి చెబుతోందో ఊహించడం కష్టం కాదు. 175 గేట్లూ పూర్తిగా ఎత్తేసిన రోజున దిగువ నీరు కూడా లేచి, కట్టడాన్ని ముంచి, పైనీటికి అడ్డం తగులుతుంది. అప్పుడు ఎగువ మట్టం ఒక్కటే చూసి ప్రవాహం చెప్పలేం. దిగువ మట్టమూ కావాలి, మునిగిన కట్టడానికి వేరే గుణకమూ కావాలి. 1986లో ఇక్కడ 35 లక్షల క్యూసెక్కులు దాటిందని రికార్డు, 2022లో దాదాపు 26 లక్షలు. అలాంటి అంకెలను నేను గౌరవిస్తాను, వాడతాను కూడా; కానీ చివరి అంకె దాకా నమ్మి వాటి మీద మోడల్ గుణకాలు బిగించను.

ఇక మీ వైపు సంగతి చూద్దాం. మీ మోడల్‌కు ఆహారం వర్షపాతం. వర్షమాపకం నోరు 200 చదరపు సెంటీమీటర్లు. అలాంటిది ఒకటి 500 చదరపు కిలోమీటర్లకు ప్రతినిధిగా ఉందంటే, తాను కొలిచిన జాగాకు రెండున్నర వేల కోట్ల రెట్ల జాగా గురించి సాక్ష్యం చెబుతున్నట్టు. వాయుగుండం వర్షం విశాలంగా కురుస్తుంది కాబట్టి అలాంటప్పుడు ఈ సాక్ష్యం ఫరవాలేదు. ఉరుముల వానకు మాత్రం ఒక మండలంలో 15 సెంటీమీటర్లు, పక్క మండలంలో పొడి నేల; మాపకం ఏ పక్కనుందన్నది అదృష్టం. పైగా గాలి వీచే చోట మాపకం ఎప్పుడూ పడినదాని కంటే కొంచెం తక్కువే పట్టుకుంటుంది. ఆ మాపకాల లెక్కలను పరివాహకం మొత్తానికి సగటు తీసినప్పుడు వాన గట్టిగా కురిసిన చోటు ఎక్కడుందో చెరిగిపోతుంది. అంటే మీ మోడల్‌కు అందేదే చదును చేసిన వాన. శిఖరం కాస్త కుంగి కనిపించడంలో వింతేమీ లేదు. 2014లో మొదలైన జీపీఎం ఉపగ్రహ వర్షపాతాన్ని తెచ్చి పోల్చండి, కానీ అదే సరైనదనుకోవద్దు. కొండల మీద కురిసే వానను అది తరచూ తక్కువ చూపుతుంది.

తేదీ గురించి ఒక హెచ్చరిక, ఎందుకంటే ఏటా ఎవరో ఒకరు ఇందులో పడుతూనే ఉంటారు. మన వాతావరణ శాఖ ఒక తేదీ కింద రాసే వర్షపాతం, ముందురోజు ఉదయం 8:30 నుంచి ఆ రోజు ఉదయం 8:30 దాకా కురిసినది. ఆగస్టు 15 అని ఉన్న వానలో ఎక్కువ భాగం నిజానికి 14నాటిది. మీ ప్రవాహపు వరుసలో 15 అన్నది ఉదయం ఒక్క వేళ చదివిన మట్టమా, 24 గంటల సగటా, అయితే ఏ 24 గంటలన్నది కనుక్కోండి. చిన్న ఉపనదిలో వరద అల ఒక్క రోజులో వచ్చి పోతుంది. రెండు వరుసలూ ఒక రోజు జారి ఉంటే, మోడల్ ఆ జారుడును సర్దుకోవడానికి నీటిని పరివాహకంలో నిజంగా ఆగేదానికంటే ఎక్కువసేపు ఆపుతుంది, ఆపిన కొద్దీ శిఖరం కుంగుతుంది. ఇంకొక ప్రశ్న కూడా ఇక్కడే అడుగుతాను: మీరు పోలుస్తున్న గరిష్ఠం గంట లెక్కలోదా, రోజు సగటులోదా? మోడల్ రోజువారీది, గేజి శిఖరం ఆ గంటది అయితే, మీరు రెండు వేర్వేరు వస్తువులను తూకం వేస్తున్నారు. చిన్న పరివాహకాల్లో రోజు సగటుకూ ఆ రోజు శిఖరానికీ 18 శాతం కంటే చాలా ఎక్కువే తేడా ఉంటుంది.

ఇక ఆ 0.86. నాష్, సట్‌క్లిఫ్ 1970లో ప్రతిపాదించిన ఈ సూచికను చూసి పరీక్షకులు సంతోషిస్తారు, నేను అంతగా సంతోషించను. అది మోడల్‌ను పోల్చేది మొత్తం కాలపు సగటు ప్రవాహంతో. మన నదులకు ఆ సగటు చాలా బలహీనమైన ప్రత్యర్థి. జూలై నుంచి అక్టోబరు దాకా నీళ్లుంటాయి, మార్చిలో ఉండవు అని తెలిసిన ఏ మోడలైనా దాన్ని సులువుగా ఓడిస్తుంది. రేపటి ప్రవాహం ఇవాళ్టిలాగే ఉంటుందన్న ఒక్క వాక్యపు మోడల్‌ను మీ వివరాల మీద నడిపి, దాని సూచిక ఎంతో చూడండి. పెద్ద నది మీదైతే ఆ అంకె మిమ్మల్ని ఆశ్చర్యపరచవచ్చు. దానికంటే మీ మోడల్ ఎంత మెరుగన్నది చెప్పుకోదగ్గ మాట.

ఈ సూచికలో ఇంకో గుణం కూడా ఉంది, మీ ప్రశ్నకు అది నేరుగా సంబంధించినది. సూచికను వీలైనంత పెంచమని కంప్యూటర్‌కు వదిలేస్తే, అది ప్రవాహపు హెచ్చుతగ్గులను ఉన్నదానికంటే తగ్గించి చూపే గుణకాలనే ఎంచుకుంటుంది. కారణం సులువు: శిఖరాన్ని ఎత్తుగా వేసి ఒక రోజు అటూ ఇటూ తప్పితే శిక్ష రెండుసార్లు పడుతుంది, కుదించి వేస్తే తప్పినా శిక్ష తక్కువ. సగటు సరిపోయిన ఉత్తమ స్థితిలో మోడల్ హెచ్చుతగ్గులు, అసలు హెచ్చుతగ్గుల్లో సూచిక వర్గమూలమంత వంతే ఉంటాయి. 0.86కి వర్గమూలం 0.93. అంటే నది తప్పు లేకుండా, వాన తప్పు లేకుండా, మీరు ఎంచుకున్న తూనికరాయి వల్లనే హెచ్చుతగ్గులు ఒక 7 శాతం కుంచించుకుపోయాయి. గైడు చెప్పినట్టు గుణకాలను ఇదే సూచికతో ఎంత తిప్పినా ఆ కుదింపు పూర్తిగా పోదు. సూచిక మార్చి, శిఖరాలకే మొగ్గేలా సవరిస్తే శిఖరం సరిపోతుంది, కానీ అప్పుడు నేలలోకి ఇంకే నీటి గుణకం ఏ రాతినేలకో సరిపడే విలువకు వెళ్తుంది. జవాబు సరైనదే, కారణం తప్పు. అలాంటి మోడల్ ఆ పదేళ్లకు మాత్రమే పనికొస్తుంది. నేల పూర్తిగా నానకముందే జూలైలో వచ్చే వరదకూ, ఆగస్టు చివర నానిన నేల మీద పడే అదే వానకూ తేడా చెప్పలేదు.

కొలతను మోడల్ పట్టిచ్చిన సందర్భం నా అనుభవంలో ఒకటుంది. ఒక ఉపనది మీది స్టేషన్లో మా మోడల్ రెండేళ్లుగా సరిపోవడం మానేసింది. మా జూనియర్ ఒకరు ఓపికగా గుణకాలు తిప్పి, భూగర్భం నుంచి నదిలోకి ఊరే నీటిని పెంచి, మళ్లీ సరిపెట్టాడు. నాకు మాత్రం తేడా తీరు నచ్చలేదు. ఆగస్టు వరదల్లో తేడా కనిపించదు. డిసెంబరు నుంచి మార్చి దాకా గేజి లెక్క ఒకటిన్నర రెట్లు ఎక్కువ. వానలో తప్పుంటే అది వరదలోనే కొట్టొచ్చినట్టు కనబడాలి. వరదలో దాక్కుని నీరు తగ్గిన రోజుల్లో బయటపడే తప్పు ఒకటే: మట్టంలో ఎప్పుడూ ఒకేలా ఉండే చిన్న జారుడు. పది మీటర్ల నీటిలో పది సెంటీమీటర్లు ఎవరికీ పట్టవు, మోకాలి లోతు నీటిలో అవే పది సెంటీమీటర్లు లెక్కంతా తలకిందులు చేస్తాయి. లెవెల్ పెట్టి, ఎత్తు ముందే తెలిసిన స్థిరమైన గుర్తు అయిన బెంచ్ మార్క్ నుంచి చూస్తే గేజి పలక సరిగ్గా పదకొండు సెంటీమీటర్లు కిందికి ఉంది. వరదకు కొట్టుకుపోయిన పలక స్థానంలో కొత్తది పాతారు, సున్నా సరిచూడలేదు, రిజిస్టరులో రాయలేదు. జూనియర్ పెంచిన ఊటనీరంతా ఆ పదకొండు సెంటీమీటర్లే. ఆ రెండేళ్ల లెక్కలను వెనక్కి వెళ్లి సరిదిద్దడానికి మాకు ఒక వేసవి పట్టింది.

తేడా ఎంత అన్నదానికంటే ఎప్పుడు, ఏ మట్టం దగ్గర, ఎటువైపు అన్నది ఎక్కువ చెబుతుందని అందుకే అంటాను. మీ 18 శాతాన్ని ఒక్క అంకెగా ఉంచకుండా, ఒక్కో వరదకు విడిగా తీసి, అడ్డ గీత మీద గేజి మట్టం, నిలువు గీత మీద తేడా వేసి చూడండి. ఒక మట్టం దాకా తేడా లేక, అక్కడి నుంచి ఒక్కసారిగా మొదలైతే అది గట్టు దాటిన మట్టమో, కొలతలు ఆగిపోయి పొడిగింపు మొదలైన మట్టమో అయి ఉండాలి. అప్పుడు అనుమానం పట్టిక మీద. మట్టంతో సంబంధం లేకుండా ఉరుముల వాన వరదలన్నింటికీ తేడా ఉండి, వాయుగుండం వరదలకు లేకపోతే అనుమానం వర్షమాపకాల మీద. సీజనులో మొదటి వరదకు ఒక వైపు, చివరి వరదకు ఇంకో వైపు తప్పితే అది నేల తడి లెక్క. ప్రధాన నది పొంగిన రోజుల్లోనే తేడా ఉంటే అది ఎగపోటు, ఇంకేమీ కాదు. ఎగువన జలాశయం ఉంటే గేట్లు ఎప్పుడు ఎత్తారన్న రికార్డు లేకుండా ఏ మాటా చెప్పవద్దు. వాన ఎప్పుడు నదిలోకి వస్తుందో భౌతికశాస్త్రం చెప్పగలదు, ఇంజనీరు గేటు ఎప్పుడు ఎత్తుతాడో చెప్పలేదు.

ఇది చేయడానికి మీకు రోజువారీ ప్రవాహపు పట్టిక చాలదు. ఆ స్టేషన్ కేంద్ర జల సంఘానిదైనా రాష్ట్ర శాఖదైనా, నిజంగా నదిలోకి దిగి కొలిచిన తేదీలు, మట్టాలు, ప్రవాహాలు ఉన్న జాబితాను అడగండి. అందులో అత్యధిక మట్టం ఎంతో చూసుకుని, దానికి పైనున్న ప్రతి శిఖరాన్నీ మీ గ్రాఫులో ఒక బిందువుగా కాక, నేను పైన చూపినట్టు రెండు మూడు ఊహలతో లెక్కకట్టిన ఒక నిలువు గీతగా గీయండి. వాన వైపు కూడా మాపకాల్లో ఒక్కొక్కదాన్ని తీసేసి మోడల్ నడిపి, వచ్చిన శిఖరాల విస్తృతిని ఇంకో గీతగా గీయండి. రెండు గీతలూ ఒకదాన్నొకటి తాకుతుంటే మీకు సవరించవలసిన తప్పే లేదు. థీసిస్‌లో ఆ మాటే రాయండి, గైడుకు ఆ గ్రాఫే చూపించండి. తాకని వరదలు ఒకటి రెండు మిగిలితే పనంతా వాటి మీద పెట్టండి. ఆ శిఖరం దగ్గర వాలూ వైశాల్యమూ నేరుగా రాబట్టే దారి ఇంకా ఉండవచ్చు: గుడి గోడల మీద, వంతెన స్తంభాల మీద, పాత ఇళ్ల మీద వరద గుర్తులు మిగిలి ఉంటే, వాటి మధ్య లెవెల్ పట్టి, వాలు, వైశాల్యం, నది గరుకుదనం కలిపి లెక్కకట్టే మ్యానింగ్ సూత్రంతో ప్రవాహం కట్టవచ్చు. అందులో గరుకుదనం గుణకం మీద 20 శాతం అనుమానం ఎప్పుడూ ఉంటుంది గాని, అది మీ వానకూ పట్టికకూ సంబంధం లేని మూడో సాక్షి.

వీలైతే ఇవన్నీ మొదలుపెట్టే ముందు ఒక రోజు ఆ స్టేషన్‌కు వెళ్లి రండి. గేజి రీడర్ సాధారణంగా ఆ ఊరి మనిషే అయి ఉంటాడు. పలక ఎప్పుడెప్పుడు మార్చారో, ఏ వరదకు నీళ్లు ఎడమ గట్టు దాటి ఏ చేలో పడ్డాయో, ప్రధాన నది పొంగినప్పుడు అక్కడ నీరు పారుతుందో నిలబడుతుందో అడగండి. జవాబులను తేదీలతో సహా రాసుకుని, మీ గ్రాఫు పక్కన పెట్టుకోండి.